సింహాద్రి ముట్టని అన్నం

కమలాకుమారి వంటింటి గట్టు మీద వెడల్పాటి పళ్ళెంలో అన్నం పరిచి విసనకర్రతో విసురుతోంది. ఆవిరి పోయాక గరిటె వెనకవైపుతో మెత్తగా మెదిపి, ఉడికిన క్యారెట్ ముక్కలు వేసి, గరిటెడు పెరుగు కలిపింది. ఉప్పు డబ్బా వైపు వెళ్ళిన చెయ్యి మధ్యలోనే ఆగి వెనక్కి వచ్చింది. కుక్క అన్నంలో ఉప్పు వెయ్యకూడదని ఆ ఇంట్లో ఐదేళ్ళుగా నియమం.

మంజుల వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. గోడ గడియారంలో తొమ్మిదీ నలభై అయింది.

"ఇవాళైనా తింటుందంటావా అమ్మా?" అంది కమలాకుమారి తలెత్తకుండా. "ఆదివారం సాయంత్రం నుంచీ ఇదే వరస. పొద్దున్న వండటం, సాయంత్రం కాకులకు వెయ్యటం."

"చూద్దాం అమ్మా."

"గుడ్డు మాత్రం పెంటమ్మ పెరట్లో ఉడికిస్తుంది. ఈ పొయ్యి మీద ఒప్పుకోను."

ఆ మాటకి మంజులకి నవ్వు రాబోయి ఆగింది. ఐదేళ్ళ క్రితం ఈ గుమ్మంలోనే నాన్న లక్ష్మయ్య ఆ బేరం ఆడాడు. అశోక్‌నగర్‌లోని ఈ ఇంటి యజమాని వీరరాఘవరావు, ఏజీ ఆఫీసులో రిటైరై, జర్మన్ షెపర్డ్ పిల్లని కొనుక్కొచ్చి, దానికి చదువు చెప్పమని నాన్నని పిలిచాడు. నాన్న పోలీసు కుక్కల దళంలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి అప్పుడే బయటికొచ్చాడు. "దీనికి మాంసం కావాలె సార్," అన్నాడు నాన్న. "గుడ్డు వరకే లక్ష్మయ్యా, ఆ పైన మా ఆవిడ నన్ను గెంటేస్తుంది," అన్నాడు రావు గారు. సాయంత్రం చిక్కడపల్లి గదికి వచ్చాక నాన్న ఆ మాట చెప్పి చెప్పి నవ్వాడు. "కుక్కకు ఆరు వారాలు చాలు బిడ్డా. ఆయనకే ఆరు నెలలు పడ్తది. పెద్ద కుక్కను పెంచెటోడు ముందుగాల తను నేర్చుకోవాలె."

నాన్న పోయి ఏడాది దాటింది. రావు గారు నారాయణగూడలో ఒక నర్సింగ్ హోంలో తెలివి లేకుండా పడి ఉన్నాడు. ఆయన ఎడమచేతి మీద కుక్క కాట్లు. తలకి దెబ్బ. ఆదివారం సాయంత్రం ఆరున్నరకి ఇంటి మెట్ల కింద పడి ఉండగా పనిమనిషి పెంటమ్మ చూసింది. ఆయన పక్కనే సింహాద్రి, మూతికి నెత్తురుతో. పెంపుడు కుక్కే యజమానిని కరిచి మెట్ల మీదనుంచి పడేసిందని అందరూ తేల్చేశారు. రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదు కాబట్టి పిచ్చి కూడా పట్టిందన్నారు. పదకొండింటికి పశువుల డాక్టరు వచ్చి సూది వేస్తాడు. ఆ సూది తర్వాత అది లేవదు.

పెంటమ్మ చిక్కడపల్లిలో మంజుల ఉండే మేడలో కూడా పని చేస్తుంది. నిన్న గిన్నెలు తోముతూ, "కుక్క కరిసిందంటున్నరు బిడ్డా. అది గట్ల చెయ్యదు. మీ నాయిన నేర్పిన కుక్కనే గదా," అంది. మంజుల వేరే ఫైళ్ళు పక్కన పెట్టింది. ఎవరూ డబ్బిచ్చి పిలవని కేసు ఇది. నాన్న మాట నిలుస్తుందో లేదో తేలే కేసు.

చేతిలో ఉన్నది గంటా ఇరవై నిమిషాలు.

*

పెరట్లో నీళ్ళ తొట్టి నీడన సింహాద్రిని ఇనప గొలుసుతో కట్టేశారు. నడుం ఎత్తు కుక్క. వీపు మీద నలుపు, కాళ్ళు గోధుమరంగు. మంజుల రెండడుగుల దూరంలో పక్కకి తిరిగి కూర్చుంది. కొత్త కుక్క కళ్ళలోకి సూటిగా చూడకూడదు. చిన్నప్పుడు నాన్న నేర్పిన మొదటి పాఠం అదే. కాసేపటికి అది తనే లేచి వచ్చి ఆమె మోచేతిని వాసన చూసి నిట్టూర్చింది.

మంజుల దాని ముందుకాలు చేతిలోకి తీసుకుంది. కుడికాలి గోళ్ళు రెండు మొదలంటా విరిగి ఉన్నాయి. నెత్తురు ఎండి నల్లబడింది. నీళ్ళ బకెట్ సగం ఖాళీ అయింది. పిచ్చిపట్టిన కుక్కకి నీళ్ళు గొంతు దిగవు.

గిన్నె పెట్టే చోట గచ్చు మీద తెల్లటి వలయం ఒకటి ఉంది. బోరునీళ్ళు రోజూ పడి ఆరిన చోట పడే ఉప్పుమరక. కానీ అది గిన్నె అడుగుకన్నా జానెడు పెద్దది. గీసినట్టు గుండ్రంగా ఉంది. మంజుల దాన్ని వేలితో రాసి చూసింది. ఏమిటో తట్టలేదు. మనసులో ఒక మూల పెట్టుకుంది.

పెంటమ్మ గిన్నెలు తోముతూనే జవాబులు చెప్పింది.

"ఆదివారం నువ్వు ఎన్నింటికి వచ్చినవ్ పెంటమ్మా?"

"ఎప్పటి తీర్గనే. ఆరున్నరకు."

"సారు రోజూ ఆ యాళ్లకు ఇంట్ల ఉంటడా?"

"ఉండడు. ఐదింటికి లైబ్రరీకి పోతడు. ఆరున్నరకు వస్తడు. వచ్చినంక కుక్కను తీస్కపోతడు. ఏడున్నరకు మళ్ళొస్తరు. మొన్న జర ముందుగాలనే వచ్చిండు. ఐదూ నలభై ఐదుకు కరెంటు పోయింది గదా, లైబ్రరీ లోపల చీకట్ల పేపరేం చదువుతడు?"

"అమ్మగారు?"

"పావు తక్కువ ఆరుకు నారాయణగూడ పోయింది. గీత చెప్తరట ఆడ. ఏడున్నరకు వచ్చింది."

"సోమవారం పొద్దుగాల కుక్క గిన్నె నువ్వే కడిగినవా?"

పెంటమ్మ చెయ్యి ఆగింది. "నేనే. చీమలు పట్టినయ్. సగం తిని ఇడిసిపెట్టింది. ఎందుకు బిడ్డా?"

మంజుల పెరటి తలుపు వైపు తిరిగింది. నాన్న గొంతు చెవిలో వినిపించింది. పెద్ద జాతి కుక్కకు నడక ముందు అన్నం పెట్టొద్దు సార్. కడుపు మెలిపడ్తది. గంటల్ల పోతది పానం. నడిచొచ్చి, గంటసేపు పడుకుని లేచినంకనే గిన్నె. రావు గారు ఆ మాట కాగితం మీద రాసి పెరటి తలుపుకి అంటించాడు. కాగితం ఇంకా ఉంది. అక్షరాలు వెలిశాయి. "రాత్రి 8.30. అంతకు ముందు వద్దు. వీ.రా."

ఆరున్నరకే సారు పడి ఉంటే, ఆ రోజు గిన్నెలోకి సగం తిన్న అన్నం ఎలా వచ్చింది?

మంజుల ఆ తలుపు గడియ వైపు చూసింది. గడియ పాతది, తుప్పు పట్టింది. దాన్ని బిగించిన మరలు మాత్రం కొత్తవి. నాలుగూ తళతళమంటున్నాయి.

*

"ఎవరు రమ్మన్నరు నిన్ను?"

ఆ గొంతు మంజులకి తొమ్మిదేళ్ళుగా తెలుసు. ఎస్సై జగదీశ్వర్ టోపీ చంకలో పెట్టుకుని హాల్లో నిలబడ్డాడు. 2003లో ఇద్దరూ ఇక్కడికి రెండు సందుల అవతల ఒకే ఎస్సై కోచింగ్ సెంటర్లో, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. అప్పుడతను హాస్టల్ చారు నీళ్ళలా ఉందని రోజూ తిట్టేవాడు. ఆమె ఊరి నుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కు సీసా మూడు రోజుల్లో ఖాళీ చేసేవాడు. అర్థమెటిక్ నోట్సు తీసుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. అతనికి ఉద్యోగం వచ్చింది. ఆమె లాంగ్ జంప్‌లో నాలుగు అంగుళాలు తక్కువ దూకింది. ఊరికి పోయి ఏం చెప్పాలో తెలియక ఇక్కడే ఉండిపోయి, చివరికి చిక్కడపల్లిలో ఒక ఫొటో స్టూడియో పైన డిటెక్టివ్ బోర్డు పెట్టుకుంది.

"పెంటమ్మ చెప్తే వచ్చిన అన్నా."

"పెంటమ్మ కంప్లెయింటా? స్టాంపు అంటించిందా?"

"కుక్క తరఫున వచ్చిన అనుకో."

"కుక్క తరఫున వకీలు. బాగుంది." జగదీశ్వర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మంజులా, ఇది సీదా కేసు. పంచనామా అయింది. కుక్క కరిసింది, మనిషి పడ్డడు. ఇంకో గంటల నా పని అయిపోతది. నువ్వు నడుమ వచ్చి పరేషాన్ చెయ్యకు."

"గంట ఉంది గదా. అప్పటిదాకా చూడనియ్యి."

మేడ మీదనుంచి నరేంద్ర దిగి వచ్చాడు. కమలాకుమారి అక్క కొడుకు. తల్లి పోయాక పదేళ్ళ వయసు నుంచి ఈ ఇంట్లోనే పెరిగాడు. ముప్ఫై దాటింది. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు.

"ఈవిడెవరండీ ఎస్సై గారూ?"

"లక్ష్మయ్య బిడ్డ," అన్నాడు జగదీశ్వర్. "ఈ కుక్కకు ట్రైనింగ్ ఇచ్చినాయన బిడ్డ."

"ఓ, మీ నాన్నగారి ట్రైనింగేనా ఇది?" నరేంద్ర చిన్నగా నవ్వాడు. "బాగా ఇచ్చారండీ. అన్నం పెట్టిన చేతినే కరిచింది."

మంజులకి చెవుల్లో వేడి పుట్టింది. గొంతు మాత్రం పైకి లేవలేదు. "ఆదివారం సాయంత్రం మీరెక్కడున్నరండి?"

"కాచిగూడ స్టేషన్లో. ఫ్రెండుని బండెక్కించటానికి. ఆరూ యాభైకి బండి. ఇంటికి వచ్చేసరికి పావు తక్కువ ఎనిమిది."

"పెరటి తలుపు గడియకు మరలు ఎవరు మార్చిన్రు?"

"నేనే. సోమవారం. పాతవి తుప్పు పట్టాయి."

"మీ బాబాయి గారు ఐసీయూల ఉన్న రోజు?"

నరేంద్ర ఫోన్ వైపు చూసుకున్నాడు. "ఇంట్లో పిన్ని ఒక్కతే ఉంటుంది. తలుపు సరిగ్గా పడకపోతే ఎలాగండీ?"

*

ఎర్రగచ్చు మెట్లు పద్నాలుగు. మంజుల కింది నుంచి ఒక్కో మెట్టు మీద మోకాలు వేసి, కన్ను గచ్చుకి ఆనించినంత దగ్గరగా చూసుకుంటూ ఎక్కింది. జగదీశ్వర్ వెనకే వచ్చాడు. అతనికి విసుగ్గా ఉంది, అయినా వచ్చాడు.

తొమ్మిదో మెట్టు అంచు మీద రెండు గీతలు కనిపించాయి. పాలిష్ లేచిపోయి లోపలి సిమెంటు తెల్లగా బయటపడింది. వెనక నుంచి అంచు దాకా వచ్చి తెగిపోయాయి.

"పెంటమ్మ నెత్తురు కడిగింది గానీ ఇవి పోలే," అంది మంజుల.

"కుక్క గోళ్ళు. అయితే ఏంది? రోజూ ఎక్కి దిగుతది, పడ్తయి."

"ఎక్కదన్నా. మిగతా పదమూడు మెట్ల మీద ఒక్క గీత చూపియ్యి."

జగదీశ్వర్ వంగి చూశాడు. కింద మెట్లు అద్దంలా ఉన్నాయి.

"ఇంత పెద్ద కుక్కలు పిల్లప్పటి సంది మెట్లెక్కితే తుంటి ఎముక అరుగుతది. ముసలితనంల లేవలేవు. అందుకని నాయిన దానికి మొదటి మెట్టు దగ్గరనే ఆగుడు నేర్పిండు. ఐదేళ్ళల్ల అది మేడ చూడలే. పైన రావు గారు ఉంటే కింద కూసుని ఎదురుచూసేది. అడుగు పెంటమ్మను."

"నిజమే సారూ," అంది పెంటమ్మ కింది నుంచి. "మొదటి మెట్టు మీద గడ్డం ఆనించి పంటది. ఎక్కదు."

"ఆదివారం ఒక్కసారి ఎక్కింది," అంది మంజుల. "ఇక్కడి దాకా. నిన్న నర్సింగ్ హోంల సారు చెయ్యి చూసిన. నర్సు కట్టు మారుస్తుంటే. నాలుగు కోరల గుంటలు. ఆ గుంటల నుంచి గీతలన్నీ ఒకటే దిక్కు, మణికట్టు దిక్కు జారినయ్. మీద పడి కరిసే కుక్క పట్టి అటూ ఇటూ ఊపుతది. కండ చీలిపోతది. ఇది ఊపలే. పట్టుకున్నది. చెయ్యి నోట్లకెంచి జారిపోయింది."

జగదీశ్వర్ ఆ గీతల మీద వేలు పెట్టి చూశాడు.

"సారు వెనక్కి పడిపోతున్నడు. కుక్క ఆయనను దాటి పై మెట్టు ఎక్కి చెయ్యి పట్టుకున్నది. కాళ్ళు తన్నిపట్టి గుంజింది. మెట్టు మీద గోళ్ళు ఈడ్చుకపోయినయ్. రెండు విరిగినయ్. పో, దాని కుడికాలు చూడు. ఆయన బరువుకు ఆగలే."

మరి కాపాడబోయిన కుక్క రెండు రోజులుగా అన్నం ఎందుకు ముట్టదు? మంజులకి చప్పున రూబీ గుర్తొచ్చింది. దళం నుంచి రిటైరైన ఆడకుక్క. నాన్న దాన్ని జనగామ దగ్గరి తమ ఊరికి తెచ్చుకున్నాడు. ఒక మధ్యాహ్నం దాని ముందు జొన్నరొట్టె పెట్టి, ఎవరో పిలిస్తే బయటికి పోయాడు. రూబీ చొంగ కారుతున్నా రొట్టె ముట్టకుండా కూర్చుంది. రెండో తరగతి మంజుల పక్కనే కూర్చుని, తినవే తినవే అని బతిమాలి బతిమాలి ఏడ్చింది. గంట తర్వాత బావి దగ్గర నుంచి అమ్మ పరుగున వచ్చి, ఏదో చేసింది. ఏం చేసిందో కళ్ళ నీళ్ళలో మంజులకి కనిపించలేదు. రూబీ తినేసింది.

దొంగలు మందు కలిపి వేసే అన్నం తినకుండా నేర్పే విద్య అది. గిన్నె ఎవరు పెట్టినా, గుర్తు ఇచ్చేదాకా ముట్టకూడదు. ఆ గుర్తు ఏమిటో ఇంటివాళ్ళే పెట్టుకోవాలి. నాన్న తను నేర్పిన కుక్కల గుర్తులు తను కూడా అడిగేవాడు కాదు. "నాకు తెలిస్తే అది తాళం గాదు బిడ్డా."

"సరే, ఒప్పుకుందాం," అన్నాడు జగదీశ్వర్ చివరికి. "కాపాడబోయింది. సారు తనంతట తనే కాలు జారిండు. కరెంటు లేదు, చీకటి. కేసు అట్లనే ఉన్నది, కుక్క మాత్రం మంచిదైంది."

"జూన్ నెలల ఆరింటికి ఏం చీకటన్నా? పెరట్లకు రా, ఇంకోటి చూపిస్త."

*

పదీ నలభై. పెరట్లో అందరూ నిలబడ్డారు. కమలాకుమారి చల్లారిన అన్నం గిన్నె చేతుల్లో పట్టుకుని గుమ్మం పక్కన ఉంది. కొంగు కింద ఆమె వేళ్ళు గిన్నె అంచుని గట్టిగా పట్టుకున్నాయి.

మంజుల గడియ దగ్గర నిలబడింది. "తలుపు లోపలి దిక్కు గడియ ఇది. చెక్కల పాత రంధ్రాలు చీలిపోయినయ్. తుప్పు పట్టిన మర విరుగుతది గానీ చెక్కను చీల్చదు. బయట పెరట్ల నుంచి ఏదో బలంగ గుద్దింది. ఆదివారం ఎవరో సింహాద్రికి పెరట్ల అన్నం పెట్టి, అది తింటుంటే లోపలికెంచి గడియ వేసిన్రు. ఐదున్నరకో, ఇంకొంచెం అటో. ఎనిమిదిన్నర గాకముందు. నడక గాకముందు. రావు గారు చచ్చినా చెయ్యని పని."

"ఎందుకు?" అన్నాడు జగదీశ్వర్.

"ఇంట్లకు కొత్తోళ్ళు వచ్చేది ఉంది. కుక్క లోపల ఉంటే కొత్తోళ్ళను అడుగు పెట్టనియ్యదు. తినేటప్పుడు అరవదు. సారు లైబ్రరీ నుంచి ముందుగాల వచ్చుడు వాళ్ళు అనుకోలే. మెట్ల మీద సారు కేక పెట్టిండు. కుక్క సగం గిన్నె వదిలేసి తలుపు పలగ్గొట్టి పోయింది."

నరేంద్ర చేతులు కట్టుకున్నాడు. "కథ బాగుందండీ. అంటే నేను పెట్టానంటారు. అంతేనా?"

"మీరే పెట్టిన్రా?"

"ఐదేళ్ళలో ఒక్కసారి నా చేత్తో తినలేదది. కావాలంటే చూడండి." అతను కమలాకుమారి చేతిలోంచి గిన్నె అందుకున్నాడు. గచ్చు మీద తెల్లటి వలయం నడుమ పెట్టాడు. "తిను. సింహాద్రీ, తిను. ఊ. కానీ."

సింహాద్రి లేచి నిలబడింది. చెవులు నిక్కాయి. దవడ నుంచి చొంగ తీగలా జారి గచ్చు మీద పడింది. గిన్నెలోకి తల వంచలేదు.

నరేంద్ర వేళ్ళతో చిటికె వేశాడు. గిన్నె మీద తట్టాడు. దగ్గరికి తోశాడు. అది ఒకడుగు వెనక్కి వేసి కూర్చుంది.

"చూశారా?" అన్నాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ. మొహంలో నిజమైన నిశ్చింత ఉంది. "ఇప్పుడేమంటారు డిటెక్టివ్ గారూ?"

జగదీశ్వర్ గొంతు సవరించుకున్నాడు. "లాంగ్ జంపుల నాలుగు అంగుళాలు, మంజులా. మళ్ళ అంతే."

గోడ అవతల ఎక్కడో ప్రెషర్ కుక్కర్ కూత వేసింది. మంజుల గిన్నెనీ కుక్కనీ మార్చి మార్చి చూసింది. ఈ ఒక్క మాటలో నరేంద్ర అబద్ధం చెప్పలేదు. అతనికి గుర్తు తెలియదు. మరి ఆదివారం ఆ అన్నం సింహాద్రి ఎలా తిన్నది?

బావి దగ్గర నుంచి పరుగున వచ్చిన అమ్మ మళ్ళీ కళ్ళ ముందు మెదిలింది. తడి చీర, తడి చేతులు. నాన్న ఊళ్ళో లేకున్నా రూబీ ఆకలితో ఉండేది కాదు. ఎందుకో ఆ రోజు సాయంత్రం నాన్న చెప్పాడు. ఆ మాట ఇన్నేళ్ళు ఎక్కడ దాక్కుందో.

"అన్నా," అంది మెల్లగా. "మా నాయిన ఏ ఇంట్ల కుక్కకు నేర్పినా ఒక షరతు పెట్టేటోడు. తినమనే గుర్తు ఇంట్ల ఒక్కరికి తెలిస్తే సాలదు, ఇద్దరికి తెల్వాలె. ఒకరు మంచాన పడితే మూగజీవి ఆకలికి సావొద్దు అని. ఇంకొకరికి నేర్పినమని ఒప్పుకునేదాకా ఆయన ఆ ఇంటి నుంచి కదిలేటోడు గాదు."

జగదీశ్వర్ ముఖంలో నవ్వు కొద్దికొద్దిగా తగ్గింది.

"ఒకరు నర్సింగ్ హోంల ఉన్నరు. రెండో మనిషి ఈడనే ఉన్నరు. రెండు రోజులుగా గిన్నె ముందర నిలబడి, గుర్తు ఇయ్యకుండ ఊకున్నరు. ఇస్తే, ఆదివారం పెట్టింది వాళ్ళేనని బయట పడ్తది."

ఎవరి పేరూ చెప్పలేదు. చెప్పే అవసరం రాలేదు. సింహాద్రి గిన్నె వైపు చూడటం లేదు. నరేంద్ర వైపూ చూడటం లేదు. గొలుసు బిగిసేదాకా ముందుకి వచ్చి, తల కొంచెం పక్కకి వంచి, గుమ్మం పక్కన నిలబడిన కమలాకుమారి కుడిచేతి వైపే చూస్తోంది. అడుగుతున్నట్టు కాదు, ఆలస్యమైతే ఓపిక పట్టే మనిషిలా.

"అమ్మా," అంది మంజుల. "పదకొండు కావస్తున్నది."

కమలాకుమారి కొంగుతో ముఖం తుడుచుకుంది. తొట్టి దగ్గరికి వెళ్ళి చెంబుతో నీళ్ళు ముంచింది. గిన్నె ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఎడమచేత్తో చెంబు వంచి కుడి అరచేతిలోకి కాసిని నీళ్ళు పోసుకుని, గిన్నె చుట్టూ ఒక్క చుట్టు తిప్పి విడిచింది.

ఔపోసన. రావు గారు రోజూ తినేముందు తన విస్తరికి పట్టేదే. కుక్క గిన్నెకి కూడా పట్టేవాడు. ఐదేళ్ళు రోజూ రాలిన ఆ నీళ్ళ వలయమే గచ్చు మీద తెల్లగా మిగిలింది. మంజుల ఇంట్లో ఆ అలవాటు లేదు. అందుకే తట్టలేదు.

సింహాద్రి తల వంచి తినడం మొదలుపెట్టింది. రెండు రోజుల ఆకలి. అయినా గిన్నె కదలకుండా, మెతుకు బయట పడకుండా తింటోంది. పెంటమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆదివారం ఎన్నింటికి పెట్టిన్రు అమ్మా?"

"ఐదూ నలభైకి," అంది కమలాకుమారి, కుక్క వీపు మీద చెయ్యి వేసి. "ఎవరో బిల్డరు మనుషులు ఇల్లు కొలవటానికి వస్తారు, కుక్క ఉంటే రారు, బాబాయి వచ్చేలోగా వెళ్ళిపోతారు అన్నాడు వీడు. పెట్టాను. గడియ నేనే వేశాను. నడకకి ముందు పెడితే దీని ప్రాణం మీదికొస్తుందని నాకు తెలుసమ్మా. తెలిసీ పెట్టాను."

"పిన్నీ," అన్నాడు నరేంద్ర. గొంతు పలచబడింది. "నేను తొయ్యలేదు పిన్నీ. ఆయనే నా చేతిలో ఇంటి కాగితాలు లాక్కోబోయి వెనక్కి అడుగేశాడు. నేను పట్టుకునేలోపే..."

జగదీశ్వర్ టోపీ తీసి తలకి పెట్టుకున్నాడు. నెమ్మదిగా నడిచి నరేంద్ర పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"కాచిగూడ స్టేషన్ల నిలబడితే ఈ మెట్లు కనిపిస్తయా తమ్మీ?"

జగదీశ్వర్ మంజుల వైపు చూడకుండానే అన్నాడు. "నీ అర్థమెటిక్ నోట్సు నా దగ్గరనే ఉంది. తెచ్చిస్త."

వీధి గేటు ముందు స్కూటర్ ఆగిన చప్పుడైంది. పశువుల డాక్టరు. జగదీశ్వర్ ఆయన్ని గేటు దగ్గరే ఆపమని పెంటమ్మకి సైగ చేశాడు. గోడ గడియారం పదకొండు కొట్టడం మొదలుపెట్టింది.

కమలాకుమారి లేచి తొట్టి దగ్గర చేతులు కడుక్కుంది. వంటింట్లోకి వెళ్ళి, విసనకర్ర మేకుకి తగిలించి, పొయ్యి ఆర్పిందో లేదో ఇంకోసారి చూసుకుంది. అల్మారాలోంచి రావు గారి కళ్ళజోడు పెట్టె తీసి సంచిలో వేసుకుంది. నరేంద్ర, "పిన్నీ, ఎక్కడికి?" అంటూ హాల్లోకి వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పదేళ్ళ పిల్లవాడిగా ఈ ఇంటికి వచ్చిన రోజు కూడా ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఉంటాడు. ఆమె అతని వేళ్ళను ఒక్కొక్కటే విడదీసింది. చెప్పులు వేసుకుంది. గేటు దగ్గర బ్యాగుతో నిలబడ్డ డాక్టరుని తప్పుకుని, నారాయణగూడ వైపు, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయింది.